గడగడా చదువుతాడు, ఏం చదివావంటే చెప్పలేడు. కోడింగ్ క్లాసులో వేయాలా?

వేసవిగాలి
మా బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి, ఇంగ్లీషు మీడియం. తెలుగు వాచకం గడగడా అప్పజెప్పేస్తాడు. ఏం చదివావురా అంటే దిక్కులు చూస్తాడు. పాఠం వెనక ప్రశ్నలకి జవాబులన్నీ కంఠతా వచ్చు, అదే ప్రశ్న కాస్త తిప్పి అడిగితే రాదు. ఎక్కాలు పదిహేను దాకా వచ్చు. 52లోంచి 27 తీసేయమంటే మాత్రం 35 అంటాడు.

ఇంతలో కోడింగ్, అబాకస్, రోబోటిక్స్ వాళ్ల ఫోన్లు. ఇప్పుడే మొదలుపెట్టకపోతే రేపు ఏఐ కాలంలో వెనకబడిపోతాడని భయపెడుతున్నారు. ఫీజు ఏడాదికి ముప్పై వేల పైమాట. నాకు సాయంత్రం దొరికేది ఒక్క గంట. ఆ గంట దేనిమీద పెడితే వాడికి పెద్దయ్యాక అక్కరకొస్తుంది?

పలకబలపం
ముందు ఏది రావట్లేదో తేల్చుకోండి. రెండు సాయంత్రాలు చాలు.

వాడు ఎప్పుడూ చూడని పేజీ కావాలి. సొంత వాచకం పనికిరాదు, అది నోటికొచ్చి ఉంటుంది. చాలా ఇళ్లల్లో ఈ పరీక్ష తప్పేది ఇక్కడే. ప్రభుత్వ బడి మూడో తరగతి తెలుగు వాచకం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులోంచి నూరు మాటల పేరా ఒకటి ఎంచుకోండి. వాడి చేతిలో ఒక కాపీ, మీ చేతిలో ఒక కాపీ, పెన్సిలు. తప్పు చదివిన మాట కింద గీత పెట్టండి, మధ్యలో దిద్దవద్దు. ఫోన్లో నిమిషం ఎప్పుడు అయిందో చూసి అక్కడొక గుర్తు పెట్టండి, చదవడం మాత్రం పేరా చివరిదాకా సాగనివ్వండి.

తర్వాత నాలుగు ప్రశ్నలు. రెండింటికి జవాబు పేరాలో నేరుగా ఉండాలి. ఒకటి ఆలోచిస్తే తెలిసేదై ఉండాలి. నాలుగోది ఏదైనా ఒక మాటకి అర్థం.

మర్నాడు అంతే కష్టమైన ఇంకో పేరా తీసుకుని ఈసారి మీరు చదివి వినిపించండి. మళ్లీ నాలుగు ప్రశ్నలు. ఇదే అసలు కీలకం. విన్నప్పుడు జవాబులు చెప్పి, తానే చదివినప్పుడు చెప్పలేకపోతే భాష ఉంది, చదువుడు దగ్గర ఇబ్బంది. విన్నప్పుడూ చెప్పలేకపోతే మాటలకి అర్థాలు తెలియక, లేదా ధ్యాస నిలవక. రెండింటికీ మందు వేరువేరు.

కోనసీమకొబ్బరి
వినిపించి అడిగే పరీక్ష ఎవరూ చేయరు. అందరూ ఇంకా గట్టిగా చదువు, ఇంకా వేగంగా చదువు అంటారు.

నిమిషానికి ఎన్ని మాటలు చదవాలి అన్నదానికి ఏదైనా లెక్కుందా మాస్టారూ?

పలకబలపం
కేంద్రం 2021లో చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకంలో మూడో తరగతి పూర్తయ్యేసరికి తెలియని పాఠాన్ని అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 మాటలు అని పెట్టారు. దాన్ని తెలుగుకి గుడ్డిగా తగిలించకండి. "చదువుకుంటున్నప్పుడు" మనకి ఒక్క మాట, ఇంగ్లీషులో మూడు నాలుగు చిన్న మాటలు. కాబట్టి తెలుగులో 40, 45 మాటలు చదువుతూ అర్థం చెప్పే పిల్లవాడి గురించి నేను బెంగపడను. 90 చదివి ఏమీ చెప్పలేని పిల్లవాడి గురించి పడతాను.

తప్పుల లెక్క కూడా చూడండి. పది మాటలకి ఒకటి కంటే ఎక్కువ తప్పితే ఆ పుస్తకం వాడికి ఇప్పుడు ఎక్కువ, ఒక మెట్టు కిందిది ఇవ్వాలి.

పటాన్‌చెరు_పోరడు
చదువుడు ముఖ్యమే, కాదనను. గని కోడింగ్ అనంగనే అందరు కొట్టిపారేస్తరు, అది నాకు నచ్చదు. తప్పు కోడింగ్‌ది కాదు, ముప్పై వేలకు అమ్మేటోళ్లది. ఎనిమిదేండ్లు దాటిన పిల్లలకు స్క్రాచ్ ఉన్నది, తెర మీద దిమ్మెలు ఒకదానికొకటి తగిలిచ్చి ప్రోగ్రామ్ చేసేది. అమెరికాల ఎంఐటీ మీడియా ల్యాబ్ చేసింది, 2007 నుంచి అందరికి ఉచితం. ఇంట్ల పాత ల్యాప్‌టాప్ ఉంటే సాలు. ఒక్క రూపాయి ఖర్చు లేదు.

లెక్కలపొద్దు
పోరడన్నా, కోడింగ్ దగ్గరికి తర్వాత వద్దాం. ముందు ఆ 35 సంగతి చూడాలి, అది చిన్న తప్పు కాదు.

52 - 27 = 35 అన్నవాడు ఏం చేశాడంటే ప్రతి వరుసలో పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశాడు. 5లోంచి 2 తీస్తే 3, 7లోంచి 2 తీస్తే 5. వాడి దృష్టిలో 52 అంటే యాభై రెండు కాదు, పక్కపక్కన కూర్చున్న 5, 2. ఈ పిల్లవాడికి "అప్పు తెచ్చుకో" అని ఎన్నిసార్లు చెప్పినా ఆ రోజుకి వస్తుంది, వారానికి పోతుంది. ఎక్కడినుంచి అప్పు తెస్తున్నాడో, తెచ్చింది పది అని ఎందుకో తెలియదు కనుక.

చీపురుపుల్లలు తీసుకుని అగ్గిపుల్ల పొడవున నూరు ముక్కలు చేయండి. పదేసి కట్టి రబ్బరుబ్యాండు వేయండి. 52 అంటే ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. "ఇందులోంచి 27 నాకివ్వు" అనండి. రెండు కట్టలు ఇస్తాడు, ఏడు పుల్లలు ఇవ్వబోతే రెండే ఉంటాయి. ఇక్కడ మీరు నోరు మెదపకూడదు. కట్ట విప్పాలని వాడికే తట్టాలి. విప్పాక చేతిలో 12, అందులోంచి 7 ఇస్తే 5, పక్కన రెండు కట్టలు. 25.

మొదట్లో పుల్లలు మాత్రమే. తర్వాత పుల్లలు చేస్తూ పక్కన కాగితం మీద రాయడం. ఆ తర్వాత కాగితం మీద చేసి పుల్లలతో సరిచూసుకోవడం. చివరికి పుల్లలు మానేయడం. మొదటి దాంట్లోంచి చివరిదానికి ఒకేసారి దూకించడం వల్లే "పుల్లలతో చేశాం, అయినా రాలేదు" అంటారు.

మూడంకెలకి పుల్లలు చాలవు. అట్టముక్కల మీద 100, 10, 1 అని రాసి ఉత్తుత్తి నోట్లు చేయండి. 304 - 128 ఇవ్వండి. పది నోటు ఒక్కటీ లేదు, ఒకట్లు చాలవు. వంద నోటు మార్చి పదులు పది తెచ్చుకోవాలి, అందులో ఒక పదిని మళ్లీ ఒకట్లుగా మార్చాలి. సున్నా ఉన్న తీసివేతలో పిల్లలు పడిపోయేది ఈ రెండోసారి మార్పు దగ్గరే. జవాబు 176 వచ్చాక, దానికి 128 కలిపి 304 వస్తుందో లేదో వాడిచేతే చూపించండి.

వేసవిగాలి
"నూట ఐదు" రాయమంటే 1005 అని రాస్తాడు. అదీ ఇదే జబ్బా?

లెక్కలపొద్దు
అదే. విన్నది విన్నట్టు రాస్తున్నాడు, నూరు తర్వాత ఐదు. 100 అని రాసిన అట్ట మీద 5 అని రాసిన చిన్న అట్టని కుడివైపు అంచు కలిసేలా పెట్టించండి. కుడివైపు సున్నా కనబడకుండా పోతుంది, 105 మిగులుతుంది. 300 మీద 40, దానిమీద 7 పెడితే 347. అట్టల వెడల్పు అంకెకి రెండంగుళాలు పెట్టుకోండి, అంటే వంద అట్ట ఆరంగుళాలు, పది అట్ట నాలుగు, ఒకటి అట్ట రెండు.

ఇంకో మాట. ఇంగ్లీషు మీడియం పిల్లలు థర్టీన్, థర్టీ మధ్య, ఫిఫ్టీన్, ఫిఫ్టీ మధ్య తికమక పడతారు. తెలుగులో పదమూడు, ముప్పై అంటే ఆ తికమకే లేదు. ఇరవై దాటాక మన లెక్క చాలా సాఫీ, "యాభై రెండు"లో కట్టలు ముందు, విడి పుల్లలు వెనక, రాసిన వరుసలోనే పలుకుతాం. ఇంట్లో సంఖ్యలు తెలుగులో కూడా పలికించండి, నష్టమేమీ లేదు.

తాతగారిపెట్టె
అబాకస్‌లో వేస్తే ఈ స్థానవిలువ, అంటే అంకె ఉన్న చోటుని బట్టి దాని విలువ, దానంతటదే వస్తుంది కదా. పూసల వరుసలంటే ఒకట్లు, పదులు, వందలే. మీరంతా ఊరికే తీసిపారేస్తున్నారు.

లెక్కలపొద్దు
పూసల చట్రం మంచిదే తాతగారూ. దానితో స్థానవిలువ నేర్పవచ్చు. క్లాసుల్లో ఎక్కువగా నేర్పేది మాత్రం వేళ్ల కదలిక, వేగం. పోటీలు కూడా వేగానికే. చట్రం కొని ఇంట్లో నిదానంగా వాడుకుంటే నేను సంతోషిస్తాను.

పిల్లవాడికి లెక్క వచ్చిందో లేదో వేగం చెప్పదు. ఈ లెక్క ఇచ్చి చూడండి: "రాము దగ్గర 12 గోలీలున్నాయి. అవి సీత దగ్గరున్న వాటికంటే 5 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని?" 'ఎక్కువ' అన్న మాట కనబడగానే 12కి 5 కలిపి 17 అనేవాళ్లు చాలామంది. ఎవరి దగ్గర ఎక్కువున్నాయో గోలీలు గీసి చూపించమంటే 7 అని వాళ్లే దిద్దుకుంటారు. మొత్తం అంటే కూడిక, మిగిలింది అంటే తీసివేత అని మాటల్ని బట్టి నేర్పడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి. ముందు బొమ్మ, తర్వాతే అంకెలు.

తాతగారిపెట్టె
సరే, ఈ గోలీల లెక్క మా మనవడికి పెట్టి చూస్తాను. ఎక్కాల సంగతి? అవైనా బట్టీ పట్టించాలా వద్దా?

లెక్కలపొద్దు
రావాలి. నోటికి రావాలి, మర్చిపోతే రాబట్టుకోవడమూ రావాలి. ఏడెనిమిదులు గుర్తులేకపోతే ఏడైదులు 35, ఏడుమూళ్లు 21, కలిపితే 56. ఏడు గడుల వెడల్పు, ఎనిమిది వరుసలు గీసి, ఐదో వరుస కింద అడ్డగీత పెడితే కంటికి కనబడుతుంది.

వేసవిగాలి
పరీక్ష రెండు రోజులూ చేశాను మాస్టారూ. 104 మాటల పేరా, 15 తప్పులు. నాలుగు ప్రశ్నల్లో ఒకదానికే జవాబు చెప్పాడు. నేను చదివి వినిపించిన పేరాలో నాలుగూ చెప్పాడు! తప్పుల్లో పదకొండు ఒత్తులున్న మాటలే. "శక్తి"ని "శకిత" అన్నాడు. "చంద్రుడు"ని "చందుడు" అన్నాడు.

పలకబలపం
చాలా బాగా పట్టారు. బాబుకి భాష నిండుగా ఉంది. ఒత్తుల దగ్గర తడబడి, ఆ తడబాటు కప్పిపుచ్చుకోవడానికి వేగం పెంచుతున్నాడు. ధ్యాసంతా అక్షరాల మీదే ఖర్చయిపోతే అర్థానికి మిగిలేదేముంది?

"శకిత" ఎందుకన్నాడో చూడండి. "క్తి"లో గుడి క మీద కూర్చుంటుంది, త కిందికి పోతుంది. కంటికి పైనుంచి కిందికి "కి, త" అని కనబడుతుంది. పలకాల్సింది క్, తి. గుడి శబ్దం కిందున్న అక్షరం తర్వాత రావాలి. ఈ సంగతి ఎవరో విప్పి చెప్పేదాకా పిల్లవాడికి తెలియదు. బడిలో ఒత్తుల పట్టిక రాయిస్తారు తప్ప దీన్ని విడదీసి చూపించరు.

వరుస ఇలా పెట్టుకోండి.

మొదట ద్విత్వాక్షరాలు, అదే అక్షరం కింద అదే ఒత్తు: అక్క, అత్త, అమ్మ, బువ్వ, పిల్ల, కుక్క, ముగ్గు. వీటిని నొక్కి పలికితే సరిపోతుంది. రోజుకి పది మాటలు.

తర్వాత సంయుక్తాక్షరాలు, ఒక అక్షరం కింద వేరే అక్షరం ఒత్తు. ఇక్కడ త, న, మ, య, ర, ల ఒత్తులు ముందు పట్టండి. వీటి ఆకారం అసలు అక్షరంలా ఉండదు, అందుకే జారిపోతాయి. మిగతావి చాలావరకు అక్షరాన్నే చిన్నగా, తలకట్టు లేకుండా రాసినట్టుంటాయి కనుక పోల్చుకుంటారు. రోజుకి ఒక్క ఒత్తు, దానితో ఎనిమిది మాటలు. ర ఒత్తుకి చక్రం, చంద్రుడు, పత్రిక, నిద్ర, ప్రాణం. య ఒత్తుకి విద్య, సత్యం, వాక్యం, రాజ్యం.

ప్రతి మాటనీ పలుకుబడి ప్రకారం రెండుగా విరిచి రాయించండి: శక్ + తి = శక్తి. చంద్ + రుడు = చంద్రుడు. పుస్ + తకం = పుస్తకం. ముందు విడివిడిగా చదవాలి, తర్వాత కలిపి. అట్టకి ఒకవైపు విరిచిన మాట, వెనక అసలు మాట. రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి లాంటి మూడు హల్లుల సంశ్లేషాలు ఆఖర్న.

రోజుకి పన్నెండు నిమిషాలు మించకండి.

నూనెదీపం
ప్రత్యేక అవసరాల పిల్లలతో పనిచేసే మనిషిగా ఒక మాట. కంటి పరీక్ష, వినికిడి పరీక్ష ముందే చేయించండి. పుస్తకం ముఖానికి దగ్గరగా పెట్టుకోవడం, వరుస తప్పిపోవడం, నల్లబల్ల మీద రాసింది పక్కవాడి పుస్తకంలో చూసి ఎక్కించుకోవడం ఉంటే కళ్ల డాక్టరు దగ్గరికే మొదటి అడుగు.

బాబు విషయంలో తప్పులు ఒత్తుల దగ్గరే గుమిగూడాయి కాబట్టి సరిగ్గా నేర్పితే పోయేవిలా కనిపిస్తున్నాయి. కొన్ని నెలలు రోజూ పద్ధతిగా చెప్పినా కదలిక లేకపోతే, నిన్న వచ్చిన అక్షరం ఇవాళ పోతుంటే, మాటలో శబ్దాలు విడదీయలేకపోతుంటే డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది, ఉందేమో పరీక్ష చేయించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో నేర్చుకోవడంలో వచ్చే నిర్దిష్ట వైకల్యాల్ని కూడా చేర్చారు. పరీక్ష చేసి నిర్ధారించేది సాధారణంగా ఎనిమిదేళ్లు దాటాక. ధ్రువపత్రం ఉంటే బోర్డు పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు వస్తాయి. మన రెండు రాష్ట్రాల్లో మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, అక్కడి టీచర్లని అడిగితే దారి చెబుతారు.

"బద్ధకం", "మొద్దు" అన్న మాటలు మాత్రం ఇంట్లో ఎవరినీ అననివ్వకండి.

ఐదోపీరియడ్
ఇంగ్లీషు మీడియం అన్నారు కదా, అక్కడా ఒక చిక్కుంది. తెలుగులో అక్షరం పేరే దాని శబ్దం. ఇంగ్లీషులో కాదు. సీ, ఏ, టీ అని ఎంత వేగంగా పలికినా క్యాట్ రాదు. పేర్లు పక్కనపెట్టి శబ్దాలు నేర్పాలి. బాగా పనిచేసే మొదటి జట్టు ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్. ఈ ఆరింటితోనే సాట్, పిన్, టిన్, ట్యాప్, న్యాప్, స్పిన్ లాంటి చాలా మాటలు కూర్చవచ్చు. ఎస్‌ని "స్స్" అని సాగదీయాలి, "సు" అనకూడదు. "సు-అ-టు" అని నేర్చుకున్నవాడు కలిపితే "సుఅటు" అవుతుంది.

రెండు భాషలూ ఒకే సాయంత్రం మొదలుపెట్టకండి. తెలుగు ఒత్తులు కుదురుకున్నాకే ఇది.

కోనసీమకొబ్బరి
ఒత్తులు వచ్చాక కూడా అర్థం చెప్పకపోతే? మనవాళ్లు "అర్థమైందా?" అంటారు, వాడు "ఆఁ" అంటాడు, అయిపోయింది.

పలకబలపం
"అర్థమైందా" అన్నది మానేయండి, దానికి ఒకటే జవాబు. ఇలాంటి రెండు వాక్యాలు తీసుకోండి: "రంగడు గొడుగు మరిచిపోయి బడికి వెళ్లాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది." ఏం మరిచిపోయాడు అన్నది కంటికి కనబడే ప్రశ్న. తువ్వాలు ఎందుకు అన్నది మెదడుకి పనిపెట్టే ప్రశ్న, వాన అన్న మాట అక్కడ లేదు. "ఏ మాట చూసి చెప్పావు?" అని వేలు పెట్టించండి. ఊహించి చెప్పడం, చదివి చెప్పడం వేరని అలా తెలుస్తుంది.

కథ సగంలో ఆపి తర్వాత ఏమవుతుందో చెప్పించండి. చదవడం అయ్యాక ఇంట్లో కథ తెలియని మనిషికి ఎవరికైనా చెప్పించండి. నానమ్మ అయితే మేలు, మధ్యమధ్య ప్రశ్నలు తనే వేస్తుంది.

పుస్తకాలకి ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు మెట్ల ప్రకారం ఉచితంగా ఉన్నాయి. ఒకటో మెట్టు, రెండో మెట్టుతో మొదలుపెట్టండి, వయసు చూసి నాలుగో మెట్టుకి పోవద్దు. అచ్చు పుస్తకాలు కావాలంటే సికింద్రాబాద్ మంచి పుస్తకం వాళ్లవి, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవి చవక.

గవ్వలాట
చదువు, లెక్క రెండూ అయ్యాయి. ముందుచూపు, ఓర్పు, తన వంతుకి ఆగడం ఏ క్లాసులో నేర్పుతారు? పులి-మేక ఆడించండి. సుద్దముక్కతో నేల మీద గీసుకోవచ్చు. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలవైపు ఆడేవాడికి ఒక్క మేకా సొంతంగా గెలవదు, పులి దూకే చోటు మూసేయాలంటే రెండెత్తులు ముందు చూడాలి. మొదట పిల్లలకి పులులివ్వండి, ఉత్సాహం వస్తుంది. తర్వాత మేకలిచ్చి, ప్రతి ఎత్తుకీ ముందు "ఇది పెడితే పులి ఎటు దూకుతుంది?" అని నోటితో చెప్పించండి.

అష్టాచెమ్మాతో ఇంకో పని. నాలుగు గవ్వలు యాభైసార్లు వేయించి ఒకటి, రెండు, మూడు, చెమ్మ, అష్ట ఎన్నిసార్లు పడ్డాయో గీతలు పెట్టించండి. తర్వాత గవ్వల బదులు నాలుగు రూపాయి బిళ్లలతో అదే చేయించండి. బిళ్లలకైతే మొత్తం 16 రకాలుగా పడవచ్చు. రెండు బొమ్మలు, రెండు బొరుసులు పడే దారులు 6, అన్నీ బొమ్మలు పడేది ఒక్కటే. గవ్వకి రెండు వైపులూ సమానం కాదు కనుక గవ్వల పట్టిక బిళ్లల పట్టికలా రాదు. ఎందుకు రాలేదో పిల్లలు వాదించుకోనివ్వండి.

కోనసీమకొబ్బరి
గవ్వలాట గారు లెక్కల వంకతో ఇంటిల్లిపాదినీ నేలమీద కూర్చోబెట్టారు 🙂 నాకు నచ్చింది.

పటాన్‌చెరు_పోరడు
గిది మస్తుంది. నేను చెప్పేది గూడ ఇట్లనే. స్క్రాచ్ ముట్టేముందు కంప్యూటర్ లేకుంట ఆడియ్యాలె. నిమ్మకాయ నీళ్లు ఎట్ల చెయ్యాల్నో పిల్లగాడు కాగితం మీద రాస్తడు, మీరు రాసింది రాసినట్టే చెయ్యాలె. "నిమ్మకాయ పిండు" అని రాస్తే కొయ్యకుంటనే పిండుండ్రి. "చక్కెర వెయ్యి" అంటే డబ్బ మొత్తం వంచబోండ్రి. ఎంత, ఎప్పటిదాంక, ఎందులకు అని వాడే దిద్దుకుంటడు. ప్రోగ్రామ్ అంటే గంతే.

స్క్రాచ్‌ల మొదలు చతురస్రం గీయించుండ్రి. పెన్ను దిమ్మెలు ఎడమదిక్కు కింద ఎక్స్‌టెన్షన్‌ల నుంచి తెచ్చుకోవాలె. నాలుగు సార్లు: 100 అడుగులు జరుగు, 90 డిగ్రీలు తిరుగు. తర్వాత త్రిభుజం. అందరు 60 పెడ్తరు, బొమ్మ వంకరపోతది. 120 పెట్టాలె.

లెక్కలపొద్దు
నాలుగో తరగతికి 120 ఎందుకో ఎలా చెబుతావు అన్నా? కోణాలు పూర్తిగా రాలేదు వాళ్లకి.

పటాన్‌చెరు_పోరడు
నేల మీద సుద్దతోని పెద్ద త్రిభుజం గీసి దాని మీద నడిపియ్యాలె. మూల కాడికి వచ్చినంక ఎంత తిరిగిండో చూస్కోవాలె. లోపలి కోణం అంత కాదు, ఎనుకకు మళ్లినంత తిరుగుతడు. మూడు మూలలు తిరిగినంక మొదటి దిక్కే చూస్తడు, అంటే ఒక పూర్తి చుట్టు, 360. మూడు సమాన తిరుగుళ్లు, ఒక్కోటి 120. గిట్ల నడిచినోడు ఐదు మూలలకు 72 అని వాడే చెప్తడు.

ఇంట్ల తప్పు ఏడ అయితదంటే, వీడియో చూస్కుంట దిమ్మెలు ఎక్కిస్తరు, ఆట తయారైతది, ఏం నేర్చుకోరు. రెండు కట్టుబాట్లు పెట్టుండ్రి. పచ్చజెండ నొక్కేముందు ఏమైతదో నోటితోని చెప్పాలె. ఒక ఆట అయినంక అందుల ఒక్కటన్న సొంతంగ మార్చాలె. వారానికి రెండు సార్లు, అర్ధగంట. అంతకు ఎక్కువ అక్కెర లేదు.

పలకబలపం
అలాగైతే నాకూ అభ్యంతరం లేదు. జాతీయ విద్యా విధానం 2020లో కూడా కోడింగ్‌ని మాధ్యమిక దశలో, అంటే ఆరో తరగతి నుంచే పెట్టారు. నాలుగో తరగతికి కొంపలేమీ మునిగిపోవు.

తాతగారిపెట్టె
ఏఐ వచ్చాక లెక్కలు, వ్యాసాలు అదే చేసిపెడుతుందంటున్నారు. ఇంత కష్టం దేనికి?

పటాన్‌చెరు_పోరడు
తాత, అది తప్పు చెప్పినా ధీమాగనే చెప్తది. పట్టుకునేటోడికి అంచనా రావాలె. 48 × 21 అనంగనే 50 ఇరవైలు వెయ్యి, దాని చుట్టుపక్కల ఉంటదని తట్టాలె. 1008 అంటే నమ్మొచ్చు, 10,080 అంటే ఆగాలె. రాసిచ్చిన పేరాల తప్పు పట్టాలంటే చదివి అర్థం చేస్కునుడు రావాలె. ఈ రెండు లేనోడికి ఏ క్లాసు పెట్టిచ్చినా దండగే.

లెక్కలపొద్దు
అంచనాకి కూరగాయల సంచీని మించిన బడి లేదు. చేతిలో 200 పెట్టి, ఇంటి దగ్గరే చీటీ రాయించండి. టమాటా కిలో 40 అయితే ముప్పావు కిలో ఎంత? అర కిలో 20, పావు 10, కలిపి 30. బెండ కిలో 60, అర కిలో 30. ఉల్లి కిలో 35, రెండు కిలోలు 70. మొత్తం 130, మిగిలేది 70. ఆ 70తో ఇంకేం కొనాలో వాడినే తేల్చుకోనివ్వండి. కొట్లో ధర వేరుగా ఉంటే చీటీ అక్కడే దిద్దుకోవాలి. పావు, అర, ముప్పావు ఇలా చేతికొచ్చినవాడికి భిన్నాల పాఠం వచ్చేసరికి సగం దారి నడిచినట్టే. ఫోన్ స్కానుతో కట్టేస్తే మాత్రం చిల్లర లెక్క పోతుంది, ఈ పనికి నోట్లే వాడండి.

నూనెదీపం
సొంతపని తానే చేసుకోవడం కూడా నేర్పాల్సిన విద్యే. పుస్తకాల సంచీ సర్దుకోవడంతో మొదలుపెట్టండి. టైంటేబుల్ తలుపు మీద అంటించాలి. మొదట మీరు పక్కన కూర్చుని, "రేపు మంగళవారం, ముందు ఏ పీరియడ్?" అంటూ వాడిచేత పైకి చెప్పించాలి. తర్వాత వాడు సర్దుతాడు, మీరు చూస్తారు. ఆ తర్వాత మీరు చూడరు. మర్చిపోయిన పుస్తకం పట్టుకుని బడికి పరుగెత్తవద్దు.

తాతగారిపెట్టె
పరుగెత్తకపోతే టీచరు క్లాసు బయట నిలబెడుతుంది. పిల్లాడు బడంటేనే భయపడతాడు.

నూనెదీపం
నిజమే. అందుకే ముందుగా టీచరుతో మాట్లాడి, "నేర్చుకుంటున్నాడు, కొన్నాళ్లు ఓపిక పట్టండి" అని చెప్పాలి. పరీక్షల వారంలో ఈ ప్రయోగం వద్దు. అప్పటికీ టీచరు ఒప్పుకోకపోతే రాత్రి పడుకునేముందు ఒక్కసారి "సంచీ చూసుకున్నావా?" అనండి, పేరుపెట్టి ఏ పుస్తకం లేదో మాత్రం చెప్పవద్దు.

నిద్ర కూడా మర్చిపోకండి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు కావాలి. రాత్రి పదకొండుకి పడుకుని ఆరింటికి లేచే పిల్లవాడికి పైన చెప్పినవేవీ తలకెక్కవు.

వేసవిగాలి
ఒక్క గంటలో ఇవన్నీ ఎలా అమర్చుకోను? పలకబలపం గారూ, లెక్కలపొద్దు గారూ, మీరిద్దరే చెప్పండి.

పలకబలపం
అన్నీ రోజూ కాదమ్మా. ఒత్తుల అట్టలు 12 నిమిషాలు. చదువు 15: యాభై అరవై మాటల చిన్న పేరా మీరొకసారి, ఇద్దరూ కలిసి ఒకసారి, వాడొక్కడే ఒకసారి. ప్రశ్నలకి ఐదు నిమిషాలు. ఇంతే నాది. చదువుతూ "చందుడు" అంటే వెంటనే దిద్దకండి, వాక్యం చివరిదాకా పోనివ్వండి, తానే వెనక్కొస్తే అది మంచి గుర్తు. రాకపోతే ఆ మాట అట్ట మీదికెక్కించండి.

లెక్కలపొద్దు
నాకు పదిహేను నిమిషాలివ్వండి, వారానికి నాలుగు రోజులు. మొదట రెండంకెల తీసివేత పుల్లలతో, రోజుకి నాలుగు లెక్కలే. అందులో రెండింటికి కట్ట విప్పాలి, రెండింటికి అక్కర్లేదు. అన్నీ విప్పేవే ఇస్తే ఆలోచించకుండా విప్పేస్తాడు. విప్పాలా వద్దా అన్నది ముందే చెప్పించి, ఆ తర్వాతే పుల్లలు ముట్టుకోనివ్వండి. మిగతా రోజుల్లో పులి-మేక, సంత, స్క్రాచ్ వాడికిష్టమైనది.

భాగహారం దాకా వెళ్లాక 612ని 6తో భాగించమని ఇచ్చి చూడండి. 12 అన్నాడంటే మధ్య సున్నా మింగేశాడు, వంద నోట్లు ఆరుగురికి పంచించండి. 102 అన్నాడంటే స్థానవిలువ పట్టుకున్నట్టే, నాలుగంకెలకి వెళ్లవచ్చు.

వేసవిగాలి
పుల్లలు ఇవాళే కడతాను. ఒక సందేహం. అట్టల మీద విరిచి రాసేటప్పుడు "విద్యార్థి"ని ఎక్కడెక్కడ విరవాలి?

పలకబలపం
విద్ + యార్ + థి. మూడు ముక్కలు. "ర్థి"లో గుడి ర మీద ఉంటుంది, పలికేది థ తర్వాత, "శక్తి"లాగే. మొదటి వారం దీన్ని ఇవ్వకండి. రెండు ముక్కల మాటలు తడుముకోకుండా చదివాక ఇవ్వండి.